బోర్డు మీది భాష, కౌంటరు దగ్గరి భాష

పటం ప్రధానంగా ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు సమాధానం. కంప్యూటరు యుగంలో అది ఆ ఒక్క ప్రశ్నతో ఆగిపోలేదు. నేటి డిజిటల్ పటంలో ఒక ఆసుపత్రిని చూస్తే, అది ఏ వేళల్లో తెరచి ఉంటుంది, చక్రాల కుర్చీ లోపలికి వెళ్ళే వీలున్నదా, ఫోను నంబరు ఏది అనే వివరాలు కూడా చాలా చోట్ల దొరుకుతున్నాయి. అయితే బహుభాషా దేశంలో పౌరునికి అత్యంత అవసరమైన ఒక వివరం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఆ ఆసుపత్రిలో, ఆ పాఠశాలలో, ఆ కార్యాలయంలో ఏ భాషలో చెప్పుకొంటే వింటారు? ఏ భాషలో బదులిస్తారు? ఈ ప్రశ్నకు పటంలో చోటు కల్పించే ప్రయత్నం ఒకటి ఇటీవలి కాలంలో సాగుతున్నది. ఆ ప్రయత్నం ఎంత స్వాగతించదగినదో అంత జాగ్రత్తగా పరిశీలించదగినది కూడా.

పటానికీ భాషకూ గల సంబంధం తెలుగునాట కొత్తది కాదు. 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ పదవి చేపట్టిన కాలిన్ మెకంజీ అంతకు ముందు దక్కనులోను, మైసూరులోను ఏళ్ళ తరబడి సర్వే పని సాగించాడు. నేలను కొలవగలిగిన ఆయనకు ఆ నేల మీది మనుషుల మాట మాత్రం సహాయకుల ద్వారానే అందింది. కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు, వారి వంటి మరికొందరు పండితులు లేనిదే గ్రామ కరణాల వద్ద నుంచి కైఫీయత్తులు సేకరించడం ఆయనకు సాధ్యమయ్యేది కాదు. అయితే ఆ కృషి ఫలితాలు రెండు వేరు దారులు పట్టాయి. కైఫీయత్తులు దేశభాషల్లోనే నిలిచి గ్రంథాలయాలకు చేరాయి. పటాలు మాత్రం ఆంగ్ల లిపిలో, ఆంగ్లేయుల చెవికి వినిపించిన పేర్లతో పరిపాలకుల బల్లల మీదికి చేరాయి. జనం చెప్పిన మాట ఒక చోట, జనం నివసించే చోటు మరొక చోట నమోదు కావడం అప్పుడే మొదలైంది.

ఆ వారసత్వాన్ని సరిదిద్దడానికి జరిగిన పోరాటాలన్నీ దాదాపు పేర్ల చుట్టూనే తిరిగాయి. కడప పేరు ఆంగ్లంలో సరైన వర్ణక్రమానికి రావడానికి 2005 వరకు, రాజమహేంద్రవరం తన పూర్తి పేరును అధికారికంగా తిరిగి పొందడానికి 2015 వరకు ఆగవలసి వచ్చింది. పేరు గౌరవానికి సంబంధించిన విషయం గనుక ఈ పోరాటాలను తక్కువగా చూడనక్కర లేదు. కాని ఊరి పేరు తెలుగులో ఉన్నంత మాత్రాన ఆ ఊరి కార్యాలయంలో పని తెలుగులో జరుగుతున్నట్లు కాదు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లోనే వచ్చినా, ఆ చట్టం అమలును గురించిన చర్చ దశాబ్దాల పాటు సాగిందంటే కారణం ఈ అంతరమే. డిజిటల్ పటాలలో భాషల నమోదును పరిశీలించేటప్పుడు ఈ అంతరాన్నే గీటురాయిగా పెట్టుకోవాలి.

ఈ ప్రయత్నానికి ప్రధాన వేదిక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఈ పటాన్ని ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మిస్తున్నారు. ఎవరైనా దీనిలో వివరాలు చేర్చవచ్చు, దిద్దవచ్చు, షరతులకు లోబడి వాడుకోవచ్చు. ప్రతి స్థలానికీ ఒక శీర్షిక, దానికొక విలువ అనే రూపంలో వివరాలు జతపడతాయి. పేరు అనే శీర్షికకు భాషా సంకేతం చేరిస్తే ఆ స్థలం పేరు ఆ భాషలో నమోదవుతుంది. తెలుగుకు అంతర్జాతీయ సంకేతం ‘టీ’, ‘ఈ’ అనే రెండక్షరాలు. ఇదే విధంగా ‘లాంగ్వేజ్’ అనే శీర్షికకు భాషా సంకేతం జోడించి, ‘అవును’ అని రాస్తే ఆ స్థలంలో ఆ భాష లభిస్తుందని అర్థం. పాఠశాలలు, పర్యాటక సమాచార కేంద్రాలు మొదలైన వాటికి ఇది ఉపయోగపడుతుంది. పేరును, సేవను వేర్వేరు శీర్షికల కింద ఉంచడమే ఈ పద్ధతిలోని మొదటి సుగుణం. మెకంజీ కాలం నుంచి కలగాపులగమైన రెండు విషయాలను ఇది సూత్రప్రాయంగానైనా విడదీసింది.

రెండవ సుగుణం మరింత విలువైనది. ఈ నమోదు ఒక జిల్లాకు గాని, రాష్ట్రానికి గాని కాక, ఒక స్థలానికి చెందినది. భాషా గణాంకాలు సాధారణంగా పరిపాలనా విభాగాల వారీగా లభిస్తాయి. ఆ విభాగాల ఎల్లలు మారితే అంకెల అర్థం మారిపోతుంది. 2011 జనగణన నాటికి ఆదిలాబాద్ ఒకే జిల్లా. 2016లో అది ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్ అనే నాలుగు జిల్లాలైంది. పాత జిల్లాలో గోండి, కొలామి భాషీయుల శాతం ఒకటి, కొత్త జిల్లాలలో వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 కావడంతో అక్కడా ఇదే పరిస్థితి ఏర్పడింది. ఎల్లలు ఎన్నిసార్లు మారినా ఉట్నూరులోని ఒక పాఠశాల ఉట్నూరులోనే ఉంటుంది. దాని మీద నమోదైన భాష దానితోనే ఉంటుంది.

ఇది కేవలం విద్వాంసుల ఆసక్తికి సంబంధించిన సంగతి కాదు. రాజ్యాంగపు 350ఏ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని నిర్దేశిస్తున్నది. పాఠశాలలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఆ భాషకు చెందిన పిల్లలుంటే ఉపాధ్యాయుని నియమించాలనే సూత్రం దేశంలో చిరకాలంగా ఆమోదం పొందినది. జిల్లాలో గాని, అంతకంటె చిన్న విభాగంలో గాని 15 శాతం జనాభా మాట్లాడే భాషలో ముఖ్యమైన నిబంధనలను, ప్రకటనలను అనువదించి ప్రచురించాలన్నది మరొక రక్షణ. ఈ హామీలన్నీ ఒక స్థలానికి, అక్కడి మనుషుల సంఖ్యకు ముడిపడినవి. అవి అమలవుతున్నాయో లేదో తేల్చాలంటే ఏ స్థలంలో ఏ భాష నిజంగా లభిస్తున్నదో తెలియాలి. హోసూరు పరిసరాల్లోని తెలుగు కుటుంబానికి, తెలుగు రాష్ట్రాల్లోని ఉర్దూ కుటుంబానికి, ఏజెన్సీలోని కోయ కుటుంబానికి ఈ సమాచారం విలువ ఒకటే.

ఇంతవరకు ప్రశంస. ఇక లోపాల విచారణ. మొదటి లోపం ‘అవును’ అన్న ఒక్క మాట మీద పెట్టిన బరువు. భాష లభించడమంటే ఏమిటి? బోర్డు మీద ఉండడమా, దరఖాస్తు ఫారం మీద ఉండడమా, బోధనలో ఉండడమా, మాటలో ఉండడమా? సికింద్రాబాదు స్టేషను పేరు నాలుగు లిపులలో కనిపిస్తుంది. టిక్కెట్ల కిటికీలో కూర్చున్న ఉద్యోగికి ఆ నాలుగు భాషలూ వచ్చునని దాని అర్థం కాదు. బ్యాంకు శాఖలలో ప్రదర్శించే సూచికలు, ఖాతాదారులకిచ్చే పత్రాలు హిందీ, ఆంగ్లం, ప్రాంతీయ భాష అనే మూడింటిలోను ఉండాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఆ నిర్దేశం అమలైనా, దూర రాష్ట్రం నుంచి వచ్చిన ఉద్యోగికీ, పింఛను కోసం వచ్చిన వృద్ధురాలికీ మధ్య మాట కుదరకపోవచ్చు. పటంలో ‘తెలుగు: అవును’ అని రాసిన కార్యకర్త బోర్డును చూసి రాశాడా, లోపల మాట్లాడి రాశాడా అన్నది చదివేవారికి తెలియదు. బోర్డు మీది భాషకు సాక్ష్యం బయటి నుంచే కనిపిస్తుంది. కౌంటరు దగ్గరి భాషకు సాక్ష్యం లోపలికి వెళ్ళినవారికే దొరుకుతుంది. తేలికగా దొరికే సాక్ష్యమే ఎక్కువగా నమోదు కావడం సహజం. అందుచేత ఈ పద్ధతిని విచక్షణ లేకుండా వాడితే మళ్ళీ పేరు సేవగా చలామణి అయ్యే ప్రమాదం ఉన్నది.

పాఠశాలల విషయంలో ఈ చిక్కు మరింత స్పష్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషలలో పిల్లలకు చదువు ప్రారంభించి, క్రమంగా తెలుగుకు మళ్ళించే బహుభాషా విద్యా కార్యక్రమం అమలైంది. అటువంటి బడిలో చిన్న తరగతుల భాష ఒకటి, పై తరగతుల భాష మరొకటి. ఒక భాష బోధనా మాధ్యమంగా ఉండడం వేరు, పాఠ్యాంశంగా ఉండడం వేరు, ఉపాధ్యాయుడు పాఠాన్ని విడమరచి చెప్పేటప్పుడు వాడే మాటగా ఉండడం వేరు. ఈ మూడింటికీ ఒకే ‘అవును’ సరిపోదు. బిడ్డను ఏ బడిలో వేయాలో నిర్ణయించుకొనే తండ్రికి ఈ తేడాయే ముఖ్యం.

రెండవ లోపం సంకేతాలకు సంబంధించినది. రెండక్షరాల సంకేతం దక్కిన భాషల జాబితాలో తెలుగు ఉన్నది, ఉర్దూ ఉన్నది. కోయ, కొలామి, లంబాడీ భాషలు మూడక్షరాల విస్తృత జాబితాలో మాత్రమే కనిపిస్తాయి. నమోదు చేసేవాడు ఆ జాబితాను వెదికే ఓపిక లేక, దగ్గరగా తోచిన పెద్ద భాషను రాసి ఊరుకొంటే చిన్న భాష కనుమరుగవుతుంది. ఈ ప్రమాదం ఊహాజనితం కాదని జనగణనే చెబుతున్నది. 2011లో ప్రజలు తమ మాతృభాషలుగా చెప్పిన పేర్లు 19,569. పరిశీలన తర్వాత అవి 1,369 మాతృభాషలుగా తేలాయి. పది వేలు, అంతకు మించి భాషీయులున్న వాటిని కూర్చగా ప్రకటితమైన భాషలు 121. ఈ కూర్పులో దాదాపు 32.8 లక్షల మంది మాతృభాషగా పేర్కొన్న లంబాడీ హిందీ శీర్షిక కింద చేరింది. గణాంక శాస్త్రానికి వర్గీకరణ తప్పనిసరి కావచ్చు. కాని ఒక తండాలోని అంగన్‌వాడీ కేంద్రం ముందు ‘హిందీ: అవును’ అని రాసి, లంబాడీ పిల్లల అవసరం తీరిందనుకొంటే అది వర్గీకరణ కాదు, పొరపాటు. స్థలాన్ని గురించిన నమోదులో జనం తమ భాషకు పెట్టుకొన్న పేరుకే ప్రాధాన్యం ఉండాలి.

మూడవ లోపం అన్నింటికంటె సూక్ష్మమైనది, ఎక్కువ నష్టం కలిగించగలిగినది. ఈ పటంలో ఖాళీకి అర్థం ‘లేదు’ కాదు, ‘ఎవరూ రాయలేదు’ అని మాత్రమే. కాని పటాన్ని చూసి నిర్ణయాలు తీసుకొనేవారు ఖాళీని లేమిగా చదివే అలవాటు పాతదే. జార్జ్ గ్రియర్సన్ పర్యవేక్షణలో 1894లో మొదలై, 1903 నుంచి 1928 వరకు సంపుటాలుగా వెలువడిన భారతీయ భాషా సర్వే ఒక మహత్కార్యం. అయితే మద్రాసు రాజధాని, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు ఆ సర్వే పరిధిలోకి రాలేదు. 1906లో వెలువడిన నాలుగవ సంపుటం ముండా, ద్రావిడ భాషలను చర్చించినా, తెలుగు వారి స్వస్థానమైన నేల ఆ సర్వే నడిచిన నేల కాదు. సర్వే చేయనిచోట భాషలు లేవని ఎవరూ అనరు. కాని సర్వే ఉన్నచోటి మాండలికాలకు దొరికిన శ్రద్ధ లేనిచోటి వాటికి దొరకదు. నగరాలలో కార్యకర్తలు ఎక్కువ, ఏజెన్సీ గ్రామాలలో తక్కువ. అందువల్ల డిజిటల్ పటంలో ఖాళీలు సరిగ్గా భాషా సేవల కొరత ఎక్కువగా ఉండగల ప్రాంతాలలోనే పేరుకొనే అవకాశం ఉన్నది. విచారించి లేదని తేల్చుకొన్న చోట ‘లేదు’ అని స్పష్టంగా రాయడం ఒక్కటే దీనికి విరుగుడు. పరిపాలకులకు ‘అవును’ కంటె ఆ ‘లేదు’ ఎక్కువ ఉపయోగకరం. లోటు ఎక్కడున్నదో చెప్పేది అదే.

నాలుగవ లోపం కాలానికి సంబంధించినది. భద్రాచలం పరిసరాల్లోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడ కోయ భాష తెలిసిన నర్సు ఒకామె ఉన్నదనుకొంటే, పటంలో ‘కోయ: అవును’ అని రాయడం ఆనాటికి సత్యమే. ఆమెకు బదిలీ అయిన మరునాడు అది అసత్యం. నొప్పులు పడుతున్న కోడలిని ఆ మాట నమ్మి దగ్గరి కేంద్రాన్ని కాదని అక్కడికి తీసుకువెళ్ళిన అత్తకు ఎదురయ్యేది తప్పుడు సమాచారం మాత్రమే కాదు, పోయిన కాలం కూడా. భవనం కదలదు, రోడ్డు ఏళ్ళ తరబడి ఉంటుంది, మనిషి నోటి భాష మాత్రం మనిషితో వెళ్ళిపోతుంది. పటంలోని వివరాన్ని చివరిసారి సరిచూసిన తేదీని రాసే శీర్షిక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్నది. భాషా సేవల విషయంలో ఆ తేదీ లేని నమోదును అసంపూర్ణంగా పరిగణించాలి. అంతకంటె ముఖ్యంగా, ఆ భాష ఆ కేంద్రంలో ఒక వ్యక్తి వల్ల లభిస్తున్నదా, ఒక ఏర్పాటు వల్ల లభిస్తున్నదా అన్నది తేలాలి. దుబాసీని నియమించిన ఆసుపత్రి, స్థానిక భాష తెలిసినవారికే కేటాయించిన ఉద్యోగం ఏర్పాట్లు. ఒక ఉద్యోగిని మంచితనం ఏర్పాటు కాదు. పటం ఈ రెండింటినీ ఒకటిగా చూపితే ప్రభుత్వం చేయని పనికి ప్రభుత్వానికి ఖ్యాతి దక్కుతుంది.

ఈ నమోదు పట్ల వినవచ్చే రెండు అభ్యంతరాలను కూడా పరిశీలించాలి. యంత్రానువాదం చేతికందిన కాలంలో ఏ స్థలంలో ఏ భాష ఉన్నదో రాసిపెట్టుకోవలసిన అవసరమేమిటన్నది మొదటిది. 2022లో ప్రారంభమైన భాషిణి కార్యక్రమం భారతీయ భాషల మధ్య వాక్కునూ, వ్రాతనూ అనువదించే సాధనాలను రూపొందిస్తున్నది. ఆ కృషి ప్రశంసనీయం. కాని అటువంటి సాధనాలు విస్తారమైన లిఖిత, వాచిక సామగ్రి ఉన్న భాషలలో ముందుగా పదును తేలుతాయి. 2011 జనగణన ప్రకారం సుమారు 4 లక్షల మంది మాట్లాడే కోయ ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో లేదు. సుమారు 29.8 లక్షల మంది మాట్లాడే గోండికి కూడా ఆ షెడ్యూలులో చోటు లేదు. యంత్రం ఎక్కువగా అవసరమైన చోటికి యంత్రం ఆలస్యంగా చేరుతుందని దీని భావం. పైగా అనువాద సాధనం ఒక సహాయం మాత్రమే. పౌరుని భాషలో వినవలసిన బాధ్యత నుంచి అది కార్యాలయాన్ని విముక్తం చేయదు.

రెండవ అభ్యంతరం గంభీరమైనది. మన దేశంలో భాష తరచుగా తెగకు, మతానికి, వలసకు గుర్తుగా చదవబడుతుంది. ఏ వీధిలో ఏ భాష వారున్నారో చూపే పటం దురుద్దేశం గలవారి చేతిలో ఆయుధం కాగలదు. ఈ భయం నిరాధారం కాదు. అయితే దీనికి సమాధానం నమోదు మానడం కాదు, నమోదుకు హద్దు గీయడం. నివాసాల భాష పటానికి ఎక్కనక్కర లేదు. ప్రజాసేవకు ఉద్దేశించిన స్థలం ఏ భాషలో సేవ అందిస్తున్నదో చెప్పడం వేరు, ఆ స్థలం చుట్టూ ఎవరు నివసిస్తున్నారో చెప్పడం వేరు. మొదటిది సంస్థ తన బాధ్యతను ప్రకటించుకోవడం. రెండవది పౌరుని మీద నిఘా. ఉద్యోగుల పేర్లను, వారి మాతృభాషలను రాయడం కూడా ఈ హద్దుకు ఆవలిదే.

ప్రభుత్వాల పాత్ర గురించి ఒక మాట చెప్పుకోవాలి. 2021 ఫిబ్రవరిలో వెలువడిన మార్గదర్శకాలు, 2022 నాటి జాతీయ భూప్రాదేశిక విధానం పటాల నిర్మాణంపై పూర్వమున్న ఆంక్షలను గణనీయంగా సడలించాయి. పాఠశాలల బోధనా మాధ్యమాల వివరాలు యూడైస్ ప్లస్ ద్వారా ఏటా సేకరణ అవుతూనే ఉన్నాయి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించారు. పుదుచ్చేరి చట్టం యానాంలో తెలుగుకు స్థానం కల్పించింది. ఈ నిర్ణయాల ఫలితం ఏ కార్యాలయంలో ఎంతవరకు కనిపిస్తున్నదో ఆయా శాఖలే స్థలాల వారీగా ప్రకటిస్తే స్వచ్ఛంద కార్యకర్తల పని సగం తీరుతుంది. మిగిలిన సగం, అంటే ప్రకటనకూ వాస్తవానికీ గల తేడాను సరిచూసే పని, వారే చేయదగినది. శాఖ చెప్పినది ఒక వైపు, వెళ్ళి చూసినవారు చెప్పినది మరొక వైపు పటం మీద నిలిచినప్పుడు ఆ రెండింటి మధ్య దూరం అందరికీ కనిపిస్తుంది. 2027 జనగణన ఏ స్థలంలో ఎవరెంత మంది ఉన్నారో చెప్పగలదు. వారికి ఏ గుమ్మంలో తమ మాట వినబడుతుందో చెప్పవలసినది ఈ పటమే.

మొత్తం మీద, స్థలాలపై భాషలను నమోదు చేసే ఈ పద్ధతి ఉద్దేశంలో ఉదాత్తం, నిర్మాణంలో అసంపూర్ణం. బోర్డును, ఫారాన్ని, బోధనను, మాటను విడివిడిగా రాయడం, విచారించిన ‘లేదు’ను ఖాళీ నుంచి వేరు చేయడం, ప్రతి నమోదుకూ తేదీ చేర్చడం, వ్యక్తిని కాక ఏర్పాటును నమోదు చేయడం అనే నాలుగు నియమాలు పాటిస్తే దీని లోపాలు చాలావరకు తొలగుతాయి. వీటిలో ఏదీ అధిక వ్యయంతో కూడినది కాదు. కావలసినది బయట నిలబడి బోర్డు చదవడంతో తృప్తి పడక, లోపలికి వెళ్ళి వరుసలో నిలబడి వినే ఓపిక. నాడు మెకంజీ వెంట తిరిగిన తెలుగు పండితులు గ్రామ గ్రామాన చేసిన పని అదే. నేటి పటానికి కూడా అటువంటి శ్రోతలే అవసరం.